జేబీఎస్ హాల్డేన్: పుట్టుకా, పెంపకమా అనే ప్రశ్ననే తప్పుబట్టిన శాస్త్రవేత్త కాకినాడకు ఎలా చేరారు?

హైదరాబాద్ నుంచి వెళ్లే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్, చెన్నై నుంచి విజయవాడ, రాజమండ్రి, విశాఖల మీదుగా వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు హౌరా దాకా పోవు. హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న షాలిమార్‌లోనే వాటి ప్రయాణం ముగుస్తుంది. స్టేషన్‌కు దగ్గర్లోనే, శిబ్‌పూర్‌లో, 1787లో మొదలైన బొటానికల్ గార్డెన్ ఉంది. అందులో 250 ఏళ్లు దాటిన మర్రిచెట్టు ఒకటి చాలా ప్రసిద్ధం. శిలీంధ్రం సోకి అసలు మాను పాడైపోతే 1925లో దాన్ని తొలగించారు. చెట్టు మాత్రం చావలేదు. వేలాది ఊడల మీద నిలబడి, దూరం నుంచి చూసేవారికి చిన్నపాటి అడవిలా కనిపిస్తుంది.

ఆ ఊడలన్నీ ఒకే చెట్టువి. వాటిలోని జన్యువులన్నీ ఒకటే. అయినా ఒకటి ఇంటి స్తంభమంత లావుంటే, పక్కదే చేతికర్రంత సన్నగా ఉంటుంది. ఎప్పుడు నేలను తాకింది, ఎంత ఎండ దొరికింది, కింద మట్టి ఎలాంటిది అన్నదాన్ని బట్టి ఆ తేడా వచ్చింది. చెట్టు సంగతి ఇలా సులభంగానే తేలిపోతుంది. మనుషుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం తెలుగులో రెండు సామెతలు కావలసి వచ్చాయి. పులి కడుపున పిల్లి పుడుతుందా అని ఒకటి, మొక్కై వంగనిది మానై వంగునా అని మరొకటి. మొదటిది పుట్టుకకు ఓటేస్తుంది, రెండోది పెంపకానికి. పిల్లాడికి మంచి ర్యాంకు వస్తే మొదటిది, రాకపోతే రెండోది వాడుకుంటారు.

ఈ తగువును లెక్కలతో విడదీసి చూసిన వారిలో జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్‌ది పెద్ద పేరు. 1957లో, 64 ఏళ్ల వయసులో, లండన్‌లో ప్రొఫెసర్ పదవి వదులుకుని కలకత్తా వచ్చేశారు. షాలిమార్‌కు నది ఎగువన, అవతలి ఒడ్డున, బరానగర్‌లో ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. షాలిమార్ అప్పటికి గూడ్స్ రైళ్ల యార్డు మాత్రమే. బరానగర్‌లో ఆయన దగ్గర చేరిన తొలి శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ఒక తెలుగు యువకుడు ఉన్నారు. ఆ పరిచయం హాల్డేన్ పరిశోధనను తెలుగువారి పెళ్లిళ్ల దాకా, చివరికి ఆయన దేహాన్ని కాకినాడ దాకా తీసుకువచ్చింది.

ప్రయోగశాలలో పెరిగిన బాల్యం

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద పనిచేసిన గొప్ప శరీరధర్మ శాస్త్రవేత్త. పెదనాన్న రిచర్డ్ బర్డన్ హాల్డేన్ బ్రిటన్ యుద్ధ మంత్రిగా, తర్వాత లార్డ్ చాన్సలర్‌గా పనిచేశారు. చెల్లెలు నవోమీ మిచిసన్ పేరున్న నవలా రచయిత్రి అయింది. ప్రతిభ వంశంలోనే వస్తుందని 19వ శతాబ్దంలో వాదించిన ఫ్రాన్సిస్ గాల్టన్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. చార్లెస్ డార్విన్‌కు దగ్గరి బంధువైన గాల్టన్, ఇంగ్లండ్‌లోని గొప్ప కుటుంబాల చిట్టాలు వేసి, న్యాయమూర్తుల కొడుకులు న్యాయమూర్తులు, శాస్త్రవేత్తల కొడుకులు శాస్త్రవేత్తలు కావడం రక్తంలోని గుణమేనని తేల్చేశారు. మంచి సంతానాన్ని పెంచి, చెడ్డ సంతానాన్ని ఆపాలనే యూజెనిక్స్ సిద్ధాంతానికి పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ ఇంట్లో రక్తం ఒక్కటే లేదు, ప్రయోగశాల కూడా ఉంది. తండ్రి కొడుకును బొగ్గు గనుల్లోకి తీసుకెళ్లేవారు. ఒకసారి గనిలో మీథేన్ పేరుకున్న చోట నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికే పిల్లాడి కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. మీథేన్ గాలికన్నా తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది, నేల దగ్గర గాలి బాగానే ఉంటుంది. పడ్డవాడు ఊపిరి పీల్చుకుని లేచాడు, పాఠం మాత్రం జీవితాంతం గుర్తుండిపోయింది. ఎనిమిదేళ్ల వయసులో తండ్రితో పాటు మెండెల్ సూత్రాల మీద ఉపన్యాసానికి వెళ్లాడు. పదమూడేళ్లకు డైవింగ్ దుస్తుల్లో సముద్రంలోకి దిగాడు. ఆ దుస్తులు కొలతకు పెద్దవై లోపలికి నీళ్లు వచ్చాయి.

ఇలాంటి పిల్లాడు శాస్త్రవేత్త కావడంలో తండ్రి జన్యువుల వంతు ఎంత, తండ్రి గనిలోకి తీసుకెళ్లడం వంతు ఎంత? రెండూ ఒకే మనిషి నుంచి, ఒకే ఇంట్లో అందాయి. విడదీసే దారి లేదు. గాల్టన్ చిట్టాల్లోని అసలు లోపం ఇదే.

చెల్లెలితో కలిసి ఇంట్లో గినీ పందులను పెంచి, వాటి పిల్లల రంగులు లెక్కపెట్టడం హాల్డేన్ జన్యుశాస్త్ర విద్యకు ఆరంభం. 1915లో చెల్లెలు, మరో మిత్రుడు స్ప్రంట్‌తో కలిసి ఎలుకల మీద ప్రచురించిన పత్రం, పాలిచ్చే జంతువుల్లో కొన్ని జన్యువులు జంటగా సంక్రమిస్తాయని తొలిసారి చూపింది. అది అచ్చయ్యే సమయానికి హాల్డేన్ యుద్ధరంగంలో ఉన్నారు. స్ప్రంట్ అప్పటికే యుద్ధంలో చనిపోయారు.

ఒక విశేషం చెప్పుకోవాలి. 20వ శతాబ్దపు జీవశాస్త్రాన్ని మార్చిన ఈ మనిషికి సైన్స్ డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన పట్టా గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాల్లో వచ్చింది. ర్యాంకులను బట్టి పిల్లల భవిష్యత్తు తేల్చేసే వారికి ఈ సంగతి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోనూ, మెసపొటేమియాలోనూ గాయపడి, కోలుకోవడానికి ఇండియాకు వచ్చారు. దేశం నచ్చింది, కానీ ఇక్కడి వారితో సమానంగా మసలే వీలు లేని పాలక జాతి అధికారిగా ఉండటం నచ్చలేదు. బ్రిటిష్ పాలన పోయాకే మళ్లీ రావాలని అప్పుడే అనుకున్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది.

రక్తం గడ్డకట్టని రోగం చెప్పిన లెక్క

1923లో కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ రీడర్‌గా చేరి, 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి ప్రొఫెసర్‌గా వెళ్లారు. డార్విన్ ప్రకృతి వరణాన్ని మెండెల్ సూత్రాలతో గణితపరంగా ముడివేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు రొనాల్డ్ ఫిషర్, సీవాల్ రైట్.

మనుషుల మీద చేసిన పనిలో హీమోఫీలియా లెక్క ముఖ్యమైనది. గాయమైతే రక్తం గడ్డకట్టని ఈ రోగం తల్లుల ద్వారా కొడుకులకు వస్తుంది. ఆ రోజుల్లో ఈ రోగంతో పుట్టిన మగపిల్లల్లో ఎక్కువ మంది పెళ్లీడు రాకముందే చనిపోయేవారు. అలాంటప్పుడు కొన్ని తరాల్లో రోగం అంతరించిపోవాలి. కానీ అంతరించడం లేదు. అంటే పోయిన వాటి స్థానంలో కొత్తగా అదే లోపం పుడుతూ ఉండాలి. ఈ తర్కంతో, ఒక తరంలో సుమారు 50,000 ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదానిలో ఈ లోపం కొత్తగా పుడుతోందని 1935లో ఆయన లెక్కగట్టారు. మనిషి జన్యువు ఎంత వేగంతో మారుతుందో నిర్ధారించిన తొలి అంచనాల్లో అది ఒకటి. రెండేళ్ల తర్వాత జూలియా బెల్‌తో కలిసి, ఈ రోగానికి, రంగులు గుర్తించలేని లోపానికి కారణమైన జన్యువులు ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్నాయని చూపించారు.

ఈ లెక్క వెనక రాజకీయం కూడా ఉంది. లోపమున్న వారిని పిల్లలు కనకుండా ఆపితే జాతి బాగుపడుతుందని అప్పట్లో చదువుకున్న వాళ్లే నమ్మేవారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు నిర్బంధ కు.ని. శస్త్రచికిత్సలను సమర్థించింది. 1933లో హిట్లర్ ప్రభుత్వం అలాంటి చట్టమే తెచ్చింది. హాల్డేన్ కూడా విద్యార్థి దశలో యూజెనిక్స్ వైపు మొగ్గినవారే. 1938లో వచ్చిన ఆయన పుస్తకం హెరిడిటీ అండ్ పాలిటిక్స్ నాటికి మాత్రం ఆ చట్టాల పునాదినే తవ్వడం మొదలుపెట్టారు.

ఆ వాదన బలం తెలియాలంటే ఒక చిన్న లెక్క వేస్తే చాలు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపపు ప్రతులు వస్తేనే బయటపడే రోగం ఒకటి 10,000 మందిలో ఒకరికి ఉందనుకుందాం. అప్పుడు ఒక్క ప్రతిని మోస్తూ ఏ లక్షణమూ లేకుండా తిరిగే వాళ్లు దాదాపు 50 మందిలో ఒకరు ఉంటారు. రోగులనందరినీ ప్రతి తరంలోనూ పిల్లలు కనకుండా ఆపినా, రోగుల సంఖ్య సగానికి తగ్గడానికి సుమారు 41 తరాలు పడుతుంది. తరానికి పాతికేళ్లు వేసుకుంటే వెయ్యేళ్లు. ఈలోగా కొత్తగా పుట్టే లోపాలు ఎలాగూ చేరుతూనే ఉంటాయి. చట్టం వల్ల మిగిలేది కొన్ని లక్షల మంది మీద కత్తి పెట్టడం ఒక్కటే.

అయితే హాల్డేన్‌ను మనుషులంతా పుట్టుకతో ఒకటేనన్న వారి జాబితాలో చేర్చడం పొరపాటు. మనుషుల శక్తియుక్తుల్లో పుట్టుకతో తేడాలున్నాయని ఆయన గట్టిగా నమ్మారు. ఆ తేడాలు కులానికో, వర్గానికో, జాతికో సరిగ్గా అతికినట్టు ఉంటాయన్న మాటనే ఒప్పుకోలేదు. దాంతో అటు యూజెనిక్స్ వాదులకూ, ఇటు తన సొంత వామపక్ష మిత్రులకూ మింగుడుపడలేదు.

ఆ పుస్తకంలోనే కుమ్మరి పరిశ్రమ కార్మికుల ప్రస్తావన ఉంది. మట్టి ధూళి పీల్చి వాళ్లలో చాలామంది శ్వాసనాళాల జబ్బుతో చనిపోయేవారు. కానీ ఎక్కువమందికి ఆ జబ్బు రావడం లేదు. కొందరి శరీర తత్వమే దానికి లొంగేలా ఉందేమో, అలాంటి వారిని ముందే గుర్తించి ఆ పనిలో చేర్చుకోకుండా ఉంటే జబ్బు తగ్గుతుందేమో అని హాల్డేన్ సూచించారు. పనిచోట జన్యు పరీక్షలనే ఆలోచనకు ఇది తొలి రూపం. ఇందులో ప్రమాదం కూడా కనిపిస్తూనే ఉంది. ధూళిని తగ్గించడం కన్నా మనిషిని మార్చడం యజమానికి చవక. కార్మికుల పక్షాన ఉన్న హాల్డేన్ ఈ పక్క మీద ఇంకాస్త ఎక్కువ రాసి ఉండాల్సింది.

ఎంత శాతం అని అడగొద్దు

1946లో ఆయన పుట్టుక, పెంపకాల పరస్పర చర్య మీద ఒక చిన్న పత్రం రాశారు. ఆయన పనుల్లో సామాన్య పాఠకులకు అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చేది బహుశా ఇదే.

పశువుల ఉదాహరణతో దాన్ని తెలుగు నేల మీదే చూడొచ్చు. జెర్సీ ఆవు, ఒంగోలు ఆవు. పచ్చగడ్డి, దాణా, నీడ, వైద్యం అన్నీ అమరిన చోట జెర్సీ ఎక్కువ పాలిస్తుంది. మే నెల ఎండలో, ఎండుగడ్డి మీద, చుట్టూ ఈగలూ పురుగులూ ఉన్న చోట జెర్సీ కూలబడుతుంది, ఒంగోలు ఆవు నిలబడుతుంది. ఏది మంచి జాతి? చోటు చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. పాల దిగుబడిలో జాతి వంతు 60 శాతమో 40 శాతమో అని తేల్చేస్తే, ఆ అంకె ఆ ఒక్క పాకకే వర్తిస్తుంది.

హాల్డేన్ దీన్ని లెక్కలోకి దించారు. రెండు రకాల పుట్టుకలు, రెండు రకాల పరిసరాలు తీసుకుంటే నాలుగు ఫలితాలు వస్తాయి. వాటిని మంచి నుంచి చెడుకు పేర్చి చూస్తే ఆరు రకాల సంబంధాలు సాధ్యం. ఒక దానిలో ఒక జాతి రెండు చోట్లా మెరుగ్గా ఉంటుంది, మరో దానిలో చోటు మారితే వరసే తిరగబడుతుంది. మూడు పుట్టుకలు, మూడు పరిసరాలు అయితే సాధ్యమయ్యే రకాలు 10,080. పదికి పది అయితే ఆ సంఖ్య 7 పక్కన 144 సున్నాలు పెట్టాల్సినంత పెద్దది. మనుషుల్లో పుట్టుకలూ పరిసరాలూ పదితో ఆగవు. అన్ని రకాల్లో ఏదో ఒక సరళమైన రకాన్ని ముందే అనుకుని, తెలివితేటల్లో ఇంత శాతం జన్యువులదని ప్రకటించడం ఎంత సాహసమో దీన్ని బట్టి తెలుస్తుంది.

రోగాల్లోనూ ఇదే కథ. ఒక జన్యు లోపం వల్ల కొందరు పిల్లలు ప్రోటీన్‌లోని ఫినైల్ అలనైన్ అనే పదార్థాన్ని అరిగించుకోలేరు. దాంతో మెదడు దెబ్బతింటుంది. నార్వే వైద్యుడు ఫోలింగ్ 1934లో దీన్ని గుర్తించినప్పుడు ఇది పక్కా వంశపారంపర్య మాంద్యం. 1950లలో ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారంతో పిల్లలు మామూలుగా పెరగవచ్చని తేలింది. జన్యువు మారలేదు, పళ్లెంలో అన్నం మారింది.

1949లో హాల్డేన్ దీనికి అద్దంలో బొమ్మ లాంటి మరో ఆలోచన ప్రకటించారు. తలసీమియా లాంటి రక్త లోపాలు కొన్ని ప్రాంతాల్లో అంత ఎక్కువగా ఎందుకున్నాయి? ఒక్క లోపపు ప్రతి ఉన్న వాళ్లను అది మలేరియా నుంచి కాపాడుతుండొచ్చని ఆయన ఊహ. 1954లో ఆంథోనీ అలిసన్ ఆఫ్రికాలో సికిల్‌సెల్ విషయంలో అలాంటి రక్షణే ఉందని చూపారు. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ గూడేల్లో సికిల్‌సెల్ కనిపించడానికీ దోమకూ ఉన్న సంబంధం ఇదే. దోమలున్న చోట మేలు చేసిన జన్యువు, దోమలు పోయాక భారంగా మాత్రమే మిగులుతుంది.

మాట తడబడిన చోటు

ఇంత స్పష్టంగా ఆలోచించిన మనిషి ఒక చోట కాలు జారారు. 1942లో బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో చేరారు. డైలీ వర్కర్ పత్రికలో సామాన్యులకు సైన్స్ చెబుతూ వందల వ్యాసాలు రాశారు. ఆ కాలంలోనే సోవియట్ యూనియన్‌లో ట్రోఫిం లైసెంకో జన్యువులే లేవని, పరిసరాలు మార్చి పంటను ఎలా కావాలంటే అలా తయారు చేయొచ్చని ప్రచారం చేస్తూ స్టాలిన్ అండతో పెరిగారు. 1928లో హాల్డేన్‌ను తమ దేశానికి ఆహ్వానించిన గొప్ప జన్యుశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1940లో అరెస్టయి, 1943లో జైల్లో చనిపోయారు. 1948లో మెండెల్ జన్యుశాస్త్రాన్ని అక్కడ అధికారికంగా నిషేధించారు.

లైసెంకో చెప్పేది తప్పని హాల్డేన్‌కు తెలియకపోవడం అసాధ్యం. అయినా బహిరంగంగా ఆయన అడ్డంగా నరకలేదు. కొన్ని విషయాల్లో లైసెంకో సరైనవాడే కావచ్చన్న ధోరణిలో మాట్లాడారు. 1950 నాటికి నిశ్శబ్దంగా పార్టీకి దూరమయ్యారు. పుట్టుకే సర్వస్వమన్న వాళ్లు జర్మనీలో చేసిన ఘోరాన్ని వేలెత్తి చూపిన మనిషి, పెంపకమే సర్వస్వమన్న వాళ్లు రష్యాలో చేసిన ఘోరం దగ్గర మెత్తబడటం ఆయన జీవితంలో చెరగని మచ్చ.

పారిజాతాలు, వరి, చెవి వెంట్రుకలు

1956 చివర్లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీద బ్రిటన్ చేసిన దాడిని కారణంగా చూపుతూ హాల్డేన్ దేశం విడిచారు. భార్య హెలెన్ స్పర్వే కూడా జీవశాస్త్రవేత్తే. లండన్‌లో పోలీసు కుక్క తోక తొక్కిన కేసులో జరిమానా కట్టనని ఆమె జైలుకెళ్లిన గొడవ కూడా ఆ రోజుల్లోనే జరిగింది. ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఇద్దరికీ చోటిచ్చారు. హాల్డేన్ ధోతీ, కుర్తా కట్టారు, మాంసం మానేశారు. కాలికి మేజోళ్లు వేసుకున్నది 60 ఏళ్లు చాలని చెప్పి వాటినీ వదిలేశారు. 1961లో భారత పౌరుడయ్యారు.

ఖరీదైన పరికరాలు లేవని ఏడవక్కర్లేదు, కళ్లు తెరిచి లెక్కపెట్టండి అన్నది ఇక్కడి యువకులకు ఆయన నేర్పిన పద్ధతి. సుబోధ్ కుమార్ రాయ్ పారిజాతం చెట్టు కింద రాలిన పువ్వుల రేకులు లెక్కపెట్టారు. ఒకే చెట్టు, ఒకే జన్యువులు, అయినా పువ్వు పువ్వుకూ రేకుల సంఖ్యలో తేడా. ఆ తేడా ఎంతో కొలిస్తేనే జన్యువుతో సంబంధం లేని వైవిధ్యం ఎంతో తెలుస్తుంది. ఆయనే వేర్వేరు వరి రకాలను కలిపి నాటి, కొన్ని కలయికల్లో విడివిడిగా నాటిన దానికన్నా ఎక్కువ పండుతుందని చూపారు. ఒక వరి మొక్కకు పరిసరమంటే మట్టి, నీరు మాత్రమే కాదు. పక్కన ఎవరున్నారన్నది కూడా.

పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు హాల్డేన్‌కు ఉత్తరం రాసి వచ్చి చేరారు. లాంటానా పూల రంగుల్లో ఏ సీతాకోకచిలుక దేన్ని ఎంచుకుంటుందో గమనించి రాసిన పత్రం 1960లో నేచర్ పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఆయన మరో పత్రం చర్చకు దారితీసింది. కొందరు మగవాళ్లకు చెవి అంచున పొడవాటి వెంట్రుకలు పెరుగుతాయి. ఆంధ్రలోని ఒక కుటుంబ వృక్షంలో ఈ లక్షణం తండ్రి నుంచి కొడుకులకే వస్తూ, కూతుళ్లను పూర్తిగా వదిలేస్తున్నట్టు కనిపించింది. అంటే మగవాళ్లలోనే ఉండే వై క్రోమోజోము మీద దాని జన్యువు ఉండాలి. మనిషిలో అలా నిరూపితమైన లక్షణాలు దాదాపు లేవు కాబట్టి అది పెద్ద వార్తే అయింది. పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది.

చిక్కు ఎక్కడంటే, ఈ వెంట్రుకలు వయసు మీరాక వస్తాయి. ఇరవయ్యేళ్ల కొడుకును చూసి లేవని రాసుకోవడం తొందరపాటు. పైగా వేరే క్రోమోజోము మీద ఉన్న జన్యువైనా, మగ హార్మోన్లు ఉన్నప్పుడే పనిచేసేదైతే, అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

మేనమామ, మేనకోడలు

ఆంధ్ర పెళ్లిళ్లలో హాల్డేన్‌కు యూరప్‌లో ఎక్కడా దొరకని అవకాశం కనిపించింది. అక్కడ మేనమామ, మేనకోడలి పెళ్లిని చాలా దేశాల చట్టాలు ఒప్పుకోవు. తెలుగు ఊళ్లలో అది తరతరాల ఆచారం. ఆడపిల్ల పుట్టగానే మామకు ఇచ్చేశామని చెప్పుకునే ఇళ్లు అప్పట్లో కొల్లలు. ద్రోణంరాజు, వైద్యుడు మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనరికాలు ఎంత తరచుగా ఉన్నాయో, వాటి సంతానం మీద ప్రభావమేమిటో 1960ల మొదట్లో సర్వే చేసి పత్రాలు ప్రచురించారు. హాల్డేన్ స్వయంగా సురేశ్ జయకర్‌తో కలిసి మనుషుల మధ్య బంధుత్వాలను గణితపరంగా వర్గీకరించారు. మేనత్త, మేనమామ, బావ, మరదలు అని ఒక్కో బంధానికి ఒక్కో మాట ఉన్న భాష వాళ్లకు ఆ వర్గీకరణ కొత్తగా అనిపించదు.

పైన చెప్పుకున్న 10,000 మందిలో ఒకరికి వచ్చే రోగాన్నే మళ్లీ తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది. బంధుత్వం లేని పెళ్లిలో పుట్టే 10,000 మంది పిల్లల్లో ఒకరికి రోగం. మేనబావ, మేనమరదళ్ల పెళ్లిలో సుమారు ఏడుగురికి. మేనమామ, మేనకోడలి పెళ్లిలో సుమారు 13 మందికి. వినగానే 13 రెట్లు అనిపిస్తుంది. అదే లెక్కను తిప్పి చూస్తే, 10,000 మందిలో 9,987 మందికి ఆ రోగం రాదు. ఇలాంటి అరుదైన రోగాలు వందల సంఖ్యలో ఉన్నాయి కాబట్టి మొత్తం ప్రమాదం తీసేయదగ్గది కాదు. పుట్టు చెవుడు, కొన్ని రకాల అంధత్వం ఉన్న పిల్లల తల్లిదండ్రులను ఆస్పత్రిలో మొదట అడిగే ప్రశ్నల్లో మేనరికమా అన్నది ఇందుకే ఉంటుంది.

ఇక్కడ కూడా పరిసరాలు అడ్డం వస్తాయి. కట్నం తగ్గుతుందని, పొలం బయటకు పోదని, అమ్మాయి అత్తింట్లో పరాయిది కాదని మేనరికం చేసుకునే కుటుంబాలు, బయటి సంబంధం చేసుకునే కుటుంబాలు ఆస్తిలో, చదువులో, ఆస్పత్రికి ఉన్న దూరంలో ఒకేలా ఉండవు. తల్లి మరీ చిన్న వయసులో కాన్పు అయితే దాని ప్రభావం వేరు. శిశువు చనిపోతే అది జన్యువు వల్లా, ఊళ్లో దాయి తప్ప ఎవరూ లేకపోవడం వల్లా? తరతరాలుగా మేనరికాలు చేసుకోవడంతో హానికర జన్యువులు కొంత ఏరివేతకు గురై ఉండొచ్చన్న వాదన కూడా శాస్త్రవేత్తలు తెచ్చారు. వీటన్నింటినీ వేరుచేయాలంటే పెద్ద సంఖ్యలో, ఓపికగా, ఇంటింటికీ తిరిగి లెక్కించాలి. హాల్డేన్ భారతదేశంలో చేయాలనుకున్నది అదే. అందుకు ఆయనకు ఏడేళ్లే మిగిలాయి.

భువనేశ్వర్ మీదుగా కాకినాడకు

ఆ ఏడేళ్లూ ప్రశాంతంగా సాగలేదు. 1961 జనవరిలో, అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థి అతిథులకు తాను ఏర్పాటు చేసిన విందు రద్దయిందని అమెరికా సమాచార విభాగం తీరుకు నిరసనగా నిరాహార దీక్షకు కూర్చున్నారు. మహలనోబిస్‌తో విభేదాలు ముదిరి కొద్ది వారాల్లోనే ఇన్‌స్టిట్యూట్ వదిలేశారు. గొప్పవాళ్లిద్దరూ ఒకే ఒరలో ఇమడలేదు. కలకత్తాలోనే కేంద్ర శాస్త్ర మండలి కింద కొత్త విభాగం పెట్టాలన్న ప్రయత్నం ఫైళ్లలో నలిగింది. చివరికి ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలుపుతో 1962లో భువనేశ్వర్ వెళ్లి జన్యుశాస్త్ర, జీవగణాంక ప్రయోగశాల మొదలుపెట్టారు.

అదే ఏడాది లండన్‌లో జరిగిన ఒక సదస్సులో, రాబోయే పది వేల ఏళ్లలో మనిషి ఎలా మారొచ్చో ఊహిస్తూ, గొప్ప ప్రతిభ నిరూపించుకున్న వారిని క్లోనింగ్ ద్వారా మళ్లీ పుట్టించే సంగతి మాట్లాడారు. మనుషుల విషయంలో క్లోన్ అనే మాటను వాడుకలోకి తెచ్చిన ప్రసంగంగా దాన్ని చెబుతారు. 1946 పత్రం రాసిన మనిషే ఇలా మాట్లాడటం వింతే. ఐన్‌స్టీన్ జన్యువులతో మరో బిడ్డ పుట్టినా, ఆ బిడ్డకు ఆనాటి బెర్న్ నగరాన్ని, పేటెంట్ ఆఫీసును ఎవరు తెచ్చిస్తారు? హాల్డేన్‌లోని ఊహాజీవి, లెక్కల మనిషి ఎప్పుడూ పూర్తిగా రాజీ పడలేదు.

1963 చివర్లో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆస్పత్రి మంచం మీదే క్యాన్సర్ మీద నవ్వులాటగా ఒక పద్యం రాసి పత్రికకు పంపారు. జనం సిగ్గుపడకుండా త్వరగా డాక్టరు దగ్గరకు వెళ్లాలన్నది ఆ పద్యం ఉద్దేశం. తన సంతాప ప్రసంగాన్ని బీబీసీ కోసం తానే రికార్డు చేసి పెట్టారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు, పరిశోధనకు వాడాలని వీలునామాలో రాశారు. దాని ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. 1958లో మొదలైన ఆ కళాశాల అప్పటికి ఆరేళ్లది. ఆయన అస్థిపంజరాన్ని అక్కడే భద్రపరిచారు. షాలిమార్ పక్క తోటకు 1793లో అధిపతిగా వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మొక్కలు పెంచింది ఇక్కడికి దగ్గర్లోని సామర్లకోటలోనే. ద్రోణంరాజు పుట్టిన పిఠాపురం కూడా ఎంతో దూరం లేదు.

ద్రోణంరాజు తర్వాత అమెరికా వెళ్లి హ్యూస్టన్‌లో స్థిరపడి, గురువు జీవితం మీద పుస్తకాలు రాశారు. హెలెన్ స్పర్వే ఇండియాలోనే ఉండిపోయి, 1978లో హైదరాబాద్‌లో మరణించారు. చెవి వెంట్రుకల ప్రశ్న మాత్రం ఇంకో పాతికేళ్లు తెగలేదు. 2004లో బ్రిటన్, దక్షిణ భారత పరిశోధకులు చెవి వెంట్రుకలున్న మగవాళ్ల వై క్రోమోజోములను, లేనివారి వాటితో పోల్చి చూశారు. రెండు గుంపుల మధ్యా ఆ లక్షణాన్ని వివరించే తేడా ఏమీ కనిపించలేదు. తండ్రి నుంచి కొడుక్కే వెళ్తోందనుకున్న లక్షణానికి వై క్రోమోజోముతో సంబంధం లేదని తేలి, అది పాఠ్యపుస్తకాల నుంచి ఒక్కొక్కటిగా తప్పుకోవడం మొదలైంది.